కైనిక్ ఆమ్లము: నొప్పికి మందు కాదు, నొప్పికి సాక్షి

జ్వరమును చేతితో తాకి తెలుసుకొనవచ్చును. వాపును కంటితో చూడవచ్చును. రక్తస్రావమును గూర్చి ఎవరూ సాక్ష్యము చెప్పనక్కరలేదు. నొప్పి మాత్రము అటువంటిది కాదు. అనుభవించువారికి అది ప్రత్యక్షము; పక్కనున్నవారికి వినికిడి మాత్రమే. అందువలననే మన ఇండ్లలో నొప్పితో బాధపడువారికి రెండు బాధలు. మొదటిది నొప్పి. రెండవది, ఆ నొప్పిని ఇంటివారు నమ్మకపోవుట.

సర్పి వచ్చి పొక్కులు మాడిపోయిన తరువాత నెలల తరబడి ప్రక్కటెముకల వెంట మంట అని పెద్దావిడ అంటుంది. చీర అంచు తగిలినా ఓర్చుకొనలేనంటుంది. చర్మము చూస్తే శుభ్రముగా ఉన్నది. రక్తపరీక్షలో ఏమీ లేదు. ఎక్స్‌రేలో ఏమీ లేదు. "ఏమీ లేనప్పుడు నొప్పి ఎందుకుంటుంది? అంతా మనోభ్రమ" అని కొడుకు, "మాట వినిపించుకొనుటకు అలా అంటున్నారు" అని కోడలు అనుకొంటారు. కోడలికి నడుమునొప్పి వస్తే అత్తగారు అదే మాట అంటారు. అపనమ్మకము ఎవరి పక్షాన ఉన్నా, నష్టము నొప్పి ఉన్నవారికే.

ఈ అపనమ్మకమునకు సమాధానము చెప్పగల సాక్షి ఒకటి ఉన్నది. అది మనిషి కాదు, ఒక రసాయనము. పేరు కైనిక్ ఆమ్లము. నొప్పిని గూర్చి పరిశోధించు ప్రయోగశాలలలో దీనిని అనేక సంవత్సరములుగా వాడుతున్నారు. ఇటువంటి పరిశోధనల వార్తలు పత్రికలలో వచ్చినప్పుడల్లా "నొప్పి మీట దొరికినది, ఇక మందు వచ్చినట్లే" అని కొందరు సంబరపడతారు. "ఇది సముద్రపు నాచునుండి వచ్చినదే కదా, సహజమే కదా, మనము వాడరాదా?" అని మరికొందరు అడుగుతారు. ఈ రెండు మాటలూ పొరపాటే. పొరపాటు ఎక్కడ ఉన్నదో, ఈ రసాయనమువలన మన గృహస్థులకు నిజముగా కలిగిన లాభము ఏమిటో చెప్పుటకే ఈ వ్యాసము.

నాచు కషాయము నుండి ప్రయోగశాలకు

జపాను దేశపు దక్షిణ తీరములలోని వెచ్చని సముద్రములో ఒక ఎర్రని నాచు పెరుగుతుంది. శాస్త్రనామము డైజీనియా సింప్లెక్స్. అక్కడివారు దానిని కైనిన్‌సో అంటారు. మన ఇండ్లలో వాయువిడంగములను వాడినట్లే, అక్కడ పిల్లల కడుపులోని ఏలికపాములు పడిపోవుటకు తరతరములుగా ఆ నాచును కాచి త్రాగించేవారు. 1953లో మురకామి, తకెమోటో, షిమిజు అను శాస్త్రజ్ఞులు ఆ నాచులో పనిచేయుచున్న పదార్థమును విడదీశారు. నాచు పేరు మీదుగానే దానికి కైనిక్ ఆమ్లము అని పేరు పెట్టారు. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత జపానులో ఏలికపాముల బాధ విస్తారముగా ఉండెను. దాని నివారణకు ఈ ఔషధము అక్కడ ఎంతో ఉపకరించినది.

కథ అంతటితో ముగిసి ఉంటే అది ఒక మంచి క్రిమిఘ్నముగా మాత్రమే మిగిలేది. కానీ 1970లో షినొజాకి, కొనిషి అను ఇద్దరు జపాను పరిశోధకులకు ఒక సందేహము కలిగినది. పురుగుల నాడులపై పనిచేయు ఈ పదార్థములు పెద్ద జంతువుల నాడులను ఏమి చేస్తాయి? వారు ఎలుక మెదడులోని నాడీకణములపై కైనిక్ ఆమ్లమును అతి స్వల్పముగా ప్రయోగించి చూచారు. కణములు తీవ్రముగా ఉద్రేకము చెందినవి. పురుగును పడగొట్టిన పదార్థము మెదడులోని కణమును కూడా కదిలించగలదని ఆనాడు తేలినది.

దీనికి కారణము గ్లూటమేట్. ఇది మనకు కొత్తది కాదు. 1866లో రిట్‌హౌసెన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు గోధుమలోని జిగురు పదార్థమునుండి గ్లూటమిక్ ఆమ్లమును మొదటిసారి విడదీశాడు. 1908లో జపానులో ఇకెదా మరొక సముద్రపు నాచు చారులోని రుచికి ఇదే మూలమని కనుగొన్నాడు. టమాటాపండులో ఉన్నది, మన శరీరములో ప్రతి కణములోను ఉన్నది. అయితే మెదడులో, వెన్నుపాములో దానికి మరొక ఉద్యోగమున్నది. ఒక నాడీకణము ప్రక్క కణమును మేలుకొలుపుటకు పంపు దూత అదే. 1959 ప్రాంతములో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో కర్టిస్, ఫిల్లిస్, వాట్కిన్స్ అనువారు వెన్నుపాములోని కణములపై గ్లూటమేట్‌ను ఉంచి, అవి ఉత్తేజము పొందుటను గమనించారు.

దూత వచ్చి తలుపు తట్టవలెనంటే తలుపు ఉండవలెను కదా. కణముపై ఉండు ఆ తలుపులనే గ్రాహకములు అంటారు. గ్లూటమేట్‌కు ఒకే తలుపు లేదు, పలు రకముల తలుపులున్నవి. ఏ తాళపుచెవికి ఏ తలుపు తెరచుకొనునో దానినిబట్టి వాటికి పేర్లు పెట్టారు. ఎన్.ఎం.డి.ఎ. గ్రాహకములు, ఆంపా గ్రాహకములు, కైనేట్ గ్రాహకములు అనునవి ముఖ్యమైనవి. మూడవదాని పేరు మన నాచునుండి వచ్చిన కైనిక్ ఆమ్లముదే. పిల్లల పురుగులమందు పేరు మానవ మెదడులోని ఒక తలుపుకు స్థిరపడినది.

నొప్పి పరిశోధనలో దాని పని

కాలికి ముల్లు గ్రుచ్చుకొన్నప్పుడు ఆ వార్తను సన్నని నాడీతంతువులు వెన్నుపాముకు చేరుస్తాయి. అక్కడ గ్లూటమేట్ వెలువడి తరువాతి కణమును తట్టుతుంది. ఆ కణము వార్తను మెదడుకు పంపుతుంది. 1986లో అగ్రవాల్, ఎవాన్స్ అను పరిశోధకులు ఎలుక నాడులపై కైనేట్‌ను ప్రయోగించి, నొప్పిని మోయు సన్నని తంతువులపైనే దానికి సంబంధించిన గ్రాహకములు ఉన్నవని చూపారు. అనగా ఈ తలుపు నొప్పి నడుచు దారిలోనే ఉన్నదని తేలినది.

అంతకు ముందే మరి రెండు విషయములు తెలిసి ఉన్నవి. 1966లో మెండెల్ అను శాస్త్రజ్ఞుడు, సన్నని తంతువులను ఒకే బలముతో మరల మరల కదిలిస్తే వెన్నుపాము కణము ప్రతిసారి మునుపటికన్న పెద్దగా స్పందించునని కనుగొన్నాడు. దెబ్బ పెరగలేదు, జవాబు పెరుగుతున్నది. 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్, గాయమైన తరువాత ఆ సున్నితత్వము గాయము ఉన్నచోట మాత్రమే గాక వెన్నుపాములో సహితము నిలుచునని చూపాడు. 1987లో డేవిస్, లాడ్జ్ అనువారు ఈ పెరుగుదలకు ఎన్.ఎం.డి.ఎ. తలుపు కారణమని తేల్చారు. ఆ తలుపును మూస్తే జవాబు పెరుగుట ఆగినది.

ఇక కైనిక్ ఆమ్లమునకు వద్దాము. 1999లో ప్రచురితమైన ఒక పరిశోధనలో చిట్టెలుకలకు, ఎలుకలకు దానిని ఒక్కసారి ఎక్కించి చూచారు. ఆ పదార్థము శరీరమునుండి వెళ్ళిపోయిన తరువాత కూడా ఆ జంతువులలో నొప్పి పట్ల అతి సున్నితత్వము దీర్ఘకాలము నిలిచినది. వాటికి పుండు లేదు, ఎముక విరగలేదు. తలుపును ఒకసారి బలముగా తట్టిన ఫలితము అది. తట్టిన చేయి వెళ్ళిపోయినది. ఇల్లు మాత్రము ఉలిక్కిపడుతూనే ఉన్నది.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణము ఆగి ఆలోచించవలెను. పైన చెప్పిన పెద్దావిడ విషయము ఇదే. సర్పి మానినది, కానీ నాడులు మానలేదు. చర్మములో ఏమీ కనిపించకపోవుట నొప్పి లేదనుటకు రుజువు కాదు. నటించుట ఎరుగని, ఎవరి సానుభూతినీ ఆశించని ఎలుకలో సైతము కారణము పోయినా నొప్పి నిలుచునని తేలినప్పుడు, మాట్లాడగలిగిన మన ఇంటి మనిషి చెప్పినదానిని మనోభ్రమ అనుటకు మనకు అధికారము ఎక్కడిది? కైనిక్ ఆమ్లము మనకు ఇచ్చినది ఈ సాక్ష్యము. నా దృష్టిలో ఇది ఏ మాత్రకూ తీసిపోని ఉపకారము.

మరి మందు ఎందుకు కాలేదు?

"తలుపు తెరచుకొంటే నొప్పి అయినప్పుడు, మూసివేస్తే నొప్పి పోవును కదా" అను ప్రశ్న సహజము. శాస్త్రజ్ఞులూ అలాగే అనుకొన్నారు. ఎం.కె.-801 అను రసాయనము ఎన్.ఎం.డి.ఎ. తలుపును గట్టిగా మూయునని 1986లో తేలినది. జంతువులలో అది నొప్పి పెరుగుటను ఆపినది. కానీ 1989లో ఓల్నీ బృందము ఎలుకలలో దానివలన కొన్ని మెదడు కణములలో బొడిపెలవలె ఖాళీలు ఏర్పడుచున్నవని చూపినది. మతి చలించు లక్షణములు కలుగునన్న భయము కూడా దానికి తోడైనది. నేటికీ అది ప్రయోగశాలలోనే ఉన్నది. రోగి మంచము దగ్గరకు రాలేదు.

కారణము సులభముగానే బోధపడును. ఆ తలుపులు నొప్పికి మాత్రమే పెట్టినవి కావు. చదివినది గుర్తుంచుకొనుటకు అవే తలుపులు, నడచుటకు అవే, మెలకువతో ఉండుటకు అవే. ఊరిలో ఒక ఇంటిలో గొడవగా ఉన్నదని ఊరంతటికీ తలుపులు బిగిస్తే ఊరు నిలుచునా? ఇక కైనిక్ ఆమ్లము అయితే తలుపు మూయునది కాదు, తెరచునది. హద్దు మీరితే కణమును ఉద్రేకపరచి ఉద్రేకపరచి చంపివేస్తుంది. మూర్ఛరోగమును అధ్యయనము చేయుటకు జంతువులలో మూర్ఛను కలిగించవలసినప్పుడు పరిశోధకులు దీనినే వాడతారు. అటువంటిదానిని నొప్పికి వాడవచ్చునా అని అడుగుట, పొయ్యి ఆర్పుటకు కిరోసిను పోయవచ్చునా అని అడుగుటవంటిది.

ఈ దారిలో కొన్ని ఔషధములు వచ్చిన మాట నిజమే. శస్త్రచికిత్సలో మత్తు కొరకు 1970లో అమెరికాలో అనుమతి పొందిన కెటమిన్, ఎన్.ఎం.డి.ఎ. తలుపును మూయునదేనని 1983లో తెలిసినది. స్వల్పమాత్రలో, మత్తువైద్యుల పర్యవేక్షణలో, తీవ్రమైన నొప్పికి దానిని వాడుతున్నారు. ఆంపా తలుపును మూయు పెరంపానెల్ అను ఔషధమునకు 2012లో మూర్ఛరోగము విషయములో అనుమతి లభించినది. మన ఇండ్లలోని కొన్ని దగ్గు మందులలో ఉండు డెక్స్‌ట్రోమెథార్ఫాన్ కూడా మాత్ర పెరిగితే ఎన్.ఎం.డి.ఎ. తలుపును తాకును. ఈ మాట చదివి ఎవరైనా దగ్గు మందును నొప్పికి త్రాగుదురేమోనని భయపడి చెప్పుచున్నాను: అట్లు ఎన్నడూ చేయరాదు. మాత్ర మీరిన దగ్గు మందు మతిని చలింపజేయును.

పరిశోధనా రసాయనమునకు, ఔషధమునకు భేదము ఇదే. పరిశోధనా రసాయనము ప్రశ్న అడుగుటకు పనికివచ్చు పరికరము. ఔషధము జవాబు. కంసాలి గీటురాయి బంగారము ఎంత మేలైనదో చెప్పగలదు. అంతమాత్రమున గీటురాయిని మెడలో వేసుకొనము.

"సహజము కదా" అనువారికి

ఇక్కడ నా తోటి వైద్యులలో కొందరికి నచ్చని మాట ఒకటి చెప్పవలసి ఉన్నది. మొక్కనుండి వచ్చినది గనుక హాని లేదు అను ప్రచారము మన వైద్యమునకు మేలు చేయుట లేదు. గ్లూటమేట్ తలుపుల చరిత్ర చూస్తే, వాటిని తెరచు తాళపుచెవులు ముందుగా దొరికినది ప్రకృతిలోనే.

మన వీధి గేటు మీద అల్లుకొను రాధామనోహరము తీగను ఎరుగనివారు ఉండరు. సాయంత్రము తెల్లగా విచ్చుకొని, మరునాటికి గులాబిరంగుకు, తరువాత ఎరుపుకు మారు పూలగుత్తులు దానివి. దాని గింజలను చైనా వైద్యములో పిల్లల కడుపులోని పురుగులకు ఇస్తారు. ఎక్కువైతే వెక్కిళ్ళు పుట్టునని వారి వైద్యులకు తెలియును. ఆ జాతి గింజలలోని క్విస్‌క్వాలిక్ ఆమ్లము కూడా గ్లూటమేట్ తలుపును తట్టునదే. నేడు ఆంపా అనబడు గ్రాహకములకు మొదట ఆ మొక్క పేరే ఉండెను. పిల్లలు ఆ గింజలు నమలకుండ చూచుకొనుట ఇంటివారి బాధ్యత.

జపానులోని తొకునోషిమా ద్వీపములో పురుగులకు వాడు మరొక నాచునుండి 1958లో డోమోయిక్ ఆమ్లమును విడదీశారు. ఇది కైనిక్ ఆమ్లమునకు దగ్గరి చుట్టము. స్వల్పమాత్రలో అది అక్కడివారికి మందు. 1987లో కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపపు ఆల్చిప్పలలో సూక్ష్మమైన పాచి మూలముగా అదే పదార్థము పేరుకొన్నది. వాటిని తిన్నవారు వందమందికి పైగా జబ్బుపడ్డారు. కొందరు వృద్ధులు మరణించారు. బ్రతికినవారిలో కొందరికి కొత్త విషయములను జ్ఞాపకముంచుకొను శక్తి నశించినది. పదార్థము ఒక్కటే, సహజమైనదే. మాత్ర మారగా మందు విషమైనది.

"మీరు చెప్పినవన్నీ సారము తీసిన పదార్థములు. మొక్కను మొక్కగా వాడితే దోషము ఉండదు" అని కొందరు వాదిస్తారు. వారికి కేసరిపప్పే సమాధానము. మన ప్రాంతములో లంకపప్పు అని కూడ దీనిని అంటారు. దానిలో ఎవరూ సారము తీయలేదు. కరవుకాలములో వేరే తిండి లేక నెలల తరబడి దానినే ప్రధానాహారముగా తిన్న పేదలకు కాళ్ళు పడిపోయినవి. సుశ్రుతుడు వాతవ్యాధులలో కలాయఖంజము అను వ్యాధిని చెప్పాడు. నడక మొదలుపెట్టునప్పుడు వణకు, కుంటు, సంధులు సడలుట దాని లక్షణములు. పదునారవ శతాబ్దపు భావప్రకాశము త్రిపుట అను ఈ ధాన్యము మనిషిని కుంటివానిని చేయునని హెచ్చరించినది. 1964లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మ అను శాస్త్రజ్ఞులు ఆ గింజలోని విషపదార్థమును విడదీసి దాని స్వరూపమును నిర్ణయించారు. ఓడాప్ అని దాని సంక్షిప్త నామము. అది పనిచేయునది ఆంపా తలుపు మీదనే అని తరువాత తెలిసినది.

గురుకులములో మాకు వత్సనాభి, ముషిణి గింజ, నల్లజీడి అను ద్రవ్యములను మొదటి సంవత్సరములోనే ముట్టనిచ్చేవారు కారు. ముందు వాటి దోషము, తరువాత వాటి శుద్ధి, ఆ తరువాత మాత్ర, అనుపానము, ఎవరికి ఇవ్వరాదు అను విచారణ. చివరకు మాత్రమే వాటి గుణము. యుక్తితో వాడితే తీక్ష్ణవిషము కూడా ఔషధమగునని, యుక్తి తప్పితే ఉత్తమ ఔషధము కూడా విషమగునని చరక సంహిత సూత్రస్థానపు మొదటి అధ్యాయములోనే ఉన్నది. ఈ భావమును ఎరిగిన వైద్యుడు "సహజము గనుక నిర్భయముగా వాడండి" అని ప్రకటన ఎట్లు చేయగలడు?

మరొక ధోరణి కూడా ఇటీవల కనబడుచున్నది. "గ్లూటమేట్ అంటే మన వాతమే, మన ఋషులు ఎప్పుడో చెప్పారు" అని వ్రాయువారున్నారు. వాతము లేనిదే నొప్పి లేదన్నది మన శాస్త్రము. కానీ వాతము చలనమునకు, శ్వాసకు, మలమూత్ర విసర్జనకు, మనోవ్యాపారమునకు మూలమైన విశాలమైన భావన. గ్లూటమేట్ ఒక పదార్థము. దానిని తూచవచ్చును, సీసాలో ఉంచవచ్చును. రెండింటినీ ఒకటి చేస్తే వాతము చిన్నబోవును, గ్లూటమేట్‌కు లేని గౌరవము వచ్చును. ఎవరి శాస్త్రము వారి మాటలలో నిలుచుటయే మేలు. ఎదుటివారి సాక్ష్యము మనకు పనికివచ్చినచోట కృతజ్ఞతతో స్వీకరించవచ్చును.

గృహస్థులు చేయదగినవి

ఈ పరిశోధనల సారాంశమును ఇంటి మాటలలో చెప్పవలెనంటే ఇది: నొప్పిని నిర్లక్ష్యము చేసినకొద్దీ అది నాడులలో పాతుకొనిపోవును. కావున దానిని మొదటిలోనే ఆదరించవలెను.

1. నొప్పి అన్నవారి మాటను ముందు నమ్మండి. ఎప్పటినుండి, ఎక్కడ, మంటగానా పోటుగానా, దేనికి పెరుగును, దేనికి తగ్గును అని ఓపికగా అడగండి. వ్రాసి ఉంచండి. వైద్యునకు ఆ కాగితము ఎంతో ఉపకరించును.

2. సర్పి పొక్కులు కనిపించిన మూడు దినములలోపుననే వైద్యుని వద్దకు తీసుకొనివెళ్ళండి. ఆ వ్యాధికి ఆధునిక వైద్యములో ఉన్న క్రిమినిరోధక మాత్రలు మొదలుపెట్టవలసిన సమయము అదే. మంత్రము వేయించి, మట్టి పూసి ఆ మూడు దినములను పోగొట్టుకొనవద్దు. కంటి దగ్గర వచ్చిన సర్పి అయితే ఒక పూట కూడా ఆగరాదు. ఆయుర్వేద వైద్యుడనైన నేను ఈ మాట చెప్పుటకు సంకోచించుట లేదు.

3. మధుమేహము ఉన్నవారికి అరికాళ్ళలో మంటలు, తిమ్మిరి మొదలైతే అది నాడుల మొర. చక్కెరను అదుపులో ఉంచుట మొదటి చికిత్స. స్పర్శ తగ్గిన పాదములకు ఇసుక మూటతో గాని, వేడినీటితో గాని కాపడము పెట్టరాదు, కాలినా తెలియదు.

4. సాధారణమైన నడుము, మోకాలి నొప్పులకు గోరువెచ్చని నువ్వులనూనెతో మృదువుగా అభ్యంగము, వావిలాకు కాచిన నీటితో కాపడము, మితమైన నడక, వేళకు నిద్ర మేలు చేయును. నిద్ర చెడిన రాత్రి తరువాత నొప్పి హెచ్చుగా తోచుట అందరికీ అనుభవమే. మంచము పట్టి కదలకుండుట మాత్రము చాల నొప్పులకు శత్రువు.

5. మూడు నెలలు దాటిన నొప్పిని పాత మందుచీటీతో లాగించవద్దు. కాళ్ళ బలము తగ్గుట, మలమూత్రములపై పట్టు తప్పుట, జ్వరము, కారణము లేకుండ బరువు తగ్గుట తోడైతే ఆలస్యము చేయక ఆసుపత్రికి వెళ్ళండి.

6. పరిశోధనకు మాత్రమే అని పేరుపెట్టి అమ్ము రసాయనమును, ఏమేమి కలిసినవో చెప్పని చూర్ణమును, ఎంత నొప్పి అయినా ఒక్క పూటలో తీయునను మాత్రను ఇంటికి తేవద్దు. మందు ఇచ్చువానిని మూడు ప్రశ్నలు అడగండి. ఇందులో ఏమున్నది? ఎంత మాత్ర? ఎవరు వాడరాదు? మూడవదానికి "అందరూ వాడవచ్చును" అని జవాబు వస్తే ఆ మందును అక్కడే వదలి రండి.

2000 ప్రాంతములో కైనిక్ ఆమ్లము సరఫరా తగ్గి, ప్రపంచములోని అనేక ప్రయోగశాలలు ఇబ్బంది పడ్డాయి. ఒకనాడు పల్లెలలో పిల్లలకు కాచి త్రాగించిన నాచులోని పదార్థము కొరకు పెద్ద పెద్ద విద్యాలయములు ఎదురుచూడవలసి వచ్చినది. దానివలన ఒక్క రోగికి కూడ నేరుగా నొప్పి తగ్గలేదు. అయినను వారు ఎదురుచూచారు. ఏలయనగా నొప్పిని తీయుటకు ముందు నొప్పిని తెలుసుకొనవలెను.

మన ఇండ్లలోను క్రమము అదే. ప్రయోగశాలలో ఎలుక కాలు లాగుకొన్న తీరును గంటల తరబడి కూర్చుండి, గడియారము పట్టుకొని, వ్రాసుకొను శాస్త్రజ్ఞులున్నారు. మన పక్క గదిలో మూలుగుచున్న మనిషి మాట వినుటకు పది నిమిషములు కేటాయించుట మనకు భారము కారాదు. మందు ఏదైనను, వైద్యుడు ఎవరైనను, చికిత్స ఆ పది నిమిషములతోనే మొదలగును.